బండి చప్పుడు వినగానే గుండె దడా?

రాత్రి ఎనిమిదిన్నర. పుస్తకం ముందు తెరిచే ఉంది. కళ్లు అక్షరాల మీద ఉన్నా చెవులు మాత్రం వీధి మలుపు దగ్గరే ఉంటాయి. నాయన బండి చప్పుడు వినిపిస్తుంది. స్టాండు వేసిన తీరు, చెప్పులు విడిచిన తీరు, తలుపు నెట్టిన తీరు... ఈ మూడింటిని బట్టే ఈ రాత్రి ఎలా గడుస్తుందో మీకు తెలిసిపోతుంది. లోపల అమ్మ గిన్నెలు సర్దే చప్పుడూ మారిపోతుంది. తమ్ముడు మెల్లగా మీ పక్కకు జరుగుతాడు. రేపు ఫిజిక్స్ పరీక్ష.

ఇంట్లో ఇలా చెవులు రిక్కించుకుని బతికేది మీరొక్కరే అనిపిస్తుండొచ్చు. కాదు. మీ బెంచీలోనే ఇంకొకరు ఉండొచ్చు. వాళ్లూ మీలాగే ఎవరికీ చెప్పరు కాబట్టి మీకు తెలియదు. ఇంటి గుట్టు వీధిలో పెట్టకూడదని చిన్నప్పటి నుంచీ విన్నాం కదా. ఆ గుట్టు బరువును మోస్తున్న ఇంటర్, డిగ్రీ పిల్లల కోసమే ఈ కథనం. అమ్మానాన్నలను ఎలా మార్చాలో ఇందులో ఉండదు. వాళ్లు మారినా మారకపోయినా మీరు ఎలా నిలబడాలి, ఎవరి చెయ్యి పట్టుకోవాలి అన్నదే ఇందులో ఉంటుంది.

బండల ఊళ్లో బరువులు

నంద్యాల జిల్లాలోని బేతంచెర్ల పేరు చెబితే ఎవరికైనా ముందు గుర్తొచ్చేది నాపబండలు. గనుల్లో తీసిన రాయిని ఫ్యాక్టరీల్లో కోసి, పాలిష్ పట్టి లారీలకెక్కిస్తారు. రాష్ట్రంలో ఎన్నో ఇళ్ల నేల ఈ ఊరి రాయే. ఆ రాయి మీద బతికే ఇళ్లలో మాత్రం పని ఉన్న రోజు ఒక లెక్క, లేని రోజు ఇంకో లెక్క. కొత్త ఇళ్లకు టైల్స్ వేయించుకోవడం పెరిగింది. ఆర్డరు లేకపోతే మిషన్ ఆగుతుంది. మిషన్ ఆగితే కూలి ఆగుతుంది. చుట్టుపక్కల పల్లెల్లో వానను నమ్ముకున్న చేలదీ ఇదే కథ.

కూలి లేని వారం ఇంట్లో ముందు డబ్బు మాట వస్తుంది. దాని వెనకే అప్పు మాట, తర్వాత మందు మాట, ఆపైన పదేళ్ల కిందటి పుట్టింటివాళ్ల మాట. చివరికి ఎవరో ఒకరు మీ వైపు చూసి ‘ఈ చదువులకే పోతాంది ఉన్నదంతా’ అంటారు. ఆ ఒక్క మాటే మీకు గుర్తుండిపోతుంది. దాని ముందు నడిచిన గంట గొడవను మనసు వదిలేస్తుంది. ఊరి బతుకుతెరువు సంగతి ఇక్కడ ఎత్తింది ఇందుకే. మీ ఇంటి గొడవకు మీకన్నా పాతవి, మీకన్నా పెద్దవి అయిన కారణాలున్నాయి. అది మీ ఫీజుతో మొదలు కాలేదు.

‘మీ నాయనకు చెప్పు’ అంటే...

అమ్మానాన్నలు మాట్లాడుకోని ఇంట్లో మాటలు మోసే పని పిల్లలదే అవుతుంది. ‘ఫీజు కడతాడో లేదో మీ నాయన్ను అడుగు.’ ‘మీ మామ మాటలు నా దగ్గర తేవద్దని మీ అమ్మకు చెప్పు.’ ఇద్దరూ ఒకే గదిలో ఉంటారు. ఇద్దరికీ రెండు మాటలూ వినిపిస్తూనే ఉంటాయి. అయినా మీరు మోయాలి. మోసేటప్పుడు అందులోని కారం కొంచెం తీసేసి, నాలుగు మెత్తని మాటలు కలిపి చెబుతారు. పన్నెండేళ్లకే రాయబారం నేర్చేసుకుంటారన్నమాట.

రాత్రి గొడవయ్యాక అమ్మ మీ పక్కన పడుకుని తన పెళ్లినాటి నుంచి జరిగిన కష్టాలన్నీ చెబుతుంది. మర్నాడు బండి మీద కాలేజీ దగ్గర దించుతూ నాయన తన వైపు కథ చెబుతాడు. ఇద్దరి మాటా నిజమే అనిపిస్తుంది. ఒకరి మీద జాలిపడితే ఇంకొకరికి ద్రోహం చేసినట్టు ఉంటుంది.

కుటుంబాలతో పనిచేసే మానసిక వైద్యులు దీన్ని చాలా కాలంగా గమనిస్తున్నారు. పిల్లలు తమ తల్లిదండ్రులకే తల్లిదండ్రులుగా మారిపోయే ఈ స్థితి గురించి సాల్వడార్ మినూచిన్, ఇవాన్ బోజోర్మెనీ-నాజ్ వంటివాళ్లు 1960, 70ల్లోనే రాశారు. ఇక్కడో మాట చెప్పాలి. పెద్దకూతురు వంట చేయడం, తమ్ముణ్ని చూసుకోవడం, పెద్దకొడుకు సెలవుల్లో పనికి పోవడం మన ఇళ్లలో కొత్తేం కాదు. అలాంటి పనులన్నీ పిల్లలను దెబ్బతీస్తాయని అనలేం. చేసిన పనిని ఇంట్లో గుర్తించి, వయసుకు మించనివ్వకపోతే వాటితో ధైర్యం కూడా వస్తుంది. సంగటి కలపడం వేరు, సంసారం నిలబెట్టడం వేరు. రెండోది పిల్లల మీద పడ్డప్పుడే మనసు చితుకుతుంది.

దీన్నుంచి తప్పుకోవడం పెద్దలను ఎదిరించినట్టేమీ కాదు. గొడవ లేని రోజు, ఉదయం పూట, ఒక్కొక్కరితో విడిగా ఒక్క మాట చెప్పి చూడండి. ‘అమ్మా, నీ బాధ నాకు తెలుస్తాంది. నాయన మీద మాటలు మాత్రం నాకు చెప్పొద్దమ్మా. విన్నాక చదువు ఎక్కడం లేదు.’ ‘నాయనా, ఆ మాట నువ్వే అమ్మకు చెప్పు. నేను మోసుకుపోలేను.’ మొదటిసారి అమ్మకు కోపం రావచ్చు. ‘నువ్వు కూడా మీ నాయన పక్కకే పోయినావా’ అనొచ్చు. వాదించకండి. ‘ఎవరి పక్కకూ పోలేదమ్మా’ అని ఊరుకోండి. నాలుగైదుసార్లు చెబితే కొంత తగ్గుతుంది. పూర్తిగా ఆగిపోతుందని మాత్రం ఆశ పెట్టుకోవద్దు.

తప్పు నాదేనేమో!

ఇంటి గొడవలు పిల్లల్ని ఎలా తాకుతాయన్నది జాన్ గ్రిక్, ఫ్రాంక్ ఫించమ్ అనే మానసిక శాస్త్రవేత్తలు 1990లో ఓ నమూనాగా వివరించారు. వాళ్లు చెప్పిన దాని సారం ఇది: గొడవ ఎంత పెద్దదన్నది ఒక్కటే లెక్క కాదు, దాన్ని పిల్లలు ఎలా అర్థం చేసుకున్నారన్నది కూడా లెక్కే. ‘నాకేమవుతుందో’ అన్న భయం, ‘నా వల్లే’ అన్న నింద... ఈ రెండూ మనసులో దిగబడితే నష్టం ఎక్కువ. గొడవ పిల్లల గురించే అయినప్పుడు ఆ నింద ఇంకా తేలిగ్గా దిగబడుతుంది.

అందుకే నాలుగో తరగతి తమ్ముడికి ఎవరైనా ఈ మాట చెప్పాలి: ‘వాళ్లు అరుచుకుంటున్నది నీ వల్ల కాదురా.’ ఆ చెప్పేది మీరే కావచ్చు. వాడికి చెబుతున్నప్పుడు మీరూ వినండి.

తాగుడు ఉన్న ఇళ్లలో ఈ నింద మరీ మొండిది. ‘మార్కులు బాగా తెస్తే మానేస్తాడేమో’ అని ఒకరు, ‘నేను ఎదురు మాట్లాడినందుకే తాగాడు’ అని ఇంకొకరు. తాగుడు ఉన్న ఇళ్ల పిల్లల కోసం అమెరికాలో 1957లో అలటీన్ అనే బృందాలు మొదలయ్యాయి. వాటిలో పిల్లలు ముందుగా నేర్చుకునే సంగతులు మూడే: ఈ తాగుడుకు కారణం నేను కాదు, దాన్ని అదుపు చేయడం నా చేతిలో లేదు, నయం చేయడం నా వల్లయ్యే పని కాదు. వినడానికి నిరాశగా ఉంది కదా? మందు సీసా దాచడానికి, జేబులో డబ్బు తీసేయడానికి, ఒట్టు వేయించుకోవడానికి ఏళ్ల తరబడి తన్నుకున్న పిల్లలకు మాత్రం ఇది బరువు దించే మాట.

మన దేశంలో ఇది ఎన్ని ఇళ్ల సమస్యో 2019లో వెలువడిన జాతీయ సర్వే చూపింది. ఎయిమ్స్ నిపుణుల ఆధ్వర్యంలో జరిగిన ఆ అధ్యయనం లెక్కన 10 నుంచి 75 ఏళ్ల వారిలో సుమారు 16 కోట్ల మంది మద్యం తాగుతున్నారు. వారిలో 5.7 కోట్ల మందికి పైగా దానివల్ల సాయం అవసరమయ్యే స్థితికి చేరారు. అంటే ఇది మీ నాయన ఒక్కడి చెడ్డతనం కాదు, చికిత్స ఉన్న జబ్బు. మానాలన్న ఆలోచన ఆయనకే వచ్చిన రోజున 14446 నంబరు ఇంట్లో ఎక్కడో రాసి ఉంటే పనికొస్తుంది. ఇది మత్తు విముక్తి సాయం కోసం కేంద్ర ప్రభుత్వం నడిపే ఉచిత ఫోన్. ఇంట్లోవాళ్లు కూడా చేసి మాట్లాడవచ్చు.

గ్యాస్ మాత్రలతో తగ్గని కడుపునొప్పి

ఇంట్లో రోజూ భయం ఉంటే శరీరం పగలూ రాత్రీ కాపలా కాస్తున్నట్టే ఉంటుంది. ప్రమాదం ఎదురైనప్పుడు అడ్రినలిన్, కార్టిసాల్ వంటి హార్మోన్లు పెరిగి గుండె వేగం పుంజుకుంటుంది, కండరాలు బిగుసుకుంటాయి, జీర్ణక్రియ మందగిస్తుంది. పాము కనిపిస్తే పారిపోవడానికి ఇది బాగా పనికొస్తుంది. రోజూ రాత్రి ఎనిమిదిన్నరకు ఇదే జరుగుతుంటే మాత్రం తలనొప్పి, కడుపునొప్పి, ఛాతీలో పట్టేసినట్టుండటం, నిద్ర పట్టకపోవడం, తెల్లవారాక లేవలేకపోవడం మొదలవుతాయి. చదివింది గుర్తుండదు. నెలసరి తప్పొచ్చు. ఊళ్లో ఆర్‌ఎంపీ గ్యాస్ మాత్రలిస్తాడు. మాత్ర వేసుకున్న రోజు ఇల్లు ప్రశాంతంగా ఉంటే తగ్గుతుంది, లేకపోతే లేదు. నొప్పి నటన కాదు. దాని మూలం కడుపులో లేదంతే. అయినా పదే పదే వస్తుంటే ఒకసారి డాక్టరుకు చూపించి, రక్తహీనత, థైరాయిడ్ వంటివేమీ లేవని తేల్చుకోవడం మంచిది.

మగపిల్లల్లో ఇది ఎక్కువగా మరో రూపంలో బయటపడుతుంది. ఏడుపు రాదు, కోపం వస్తుంది. కాలేజీ ఎగ్గొట్టడం, చిన్న మాటకే చెయ్యెత్తడం, రాత్రిళ్లు ఫోన్లో మునిగిపోవడం, చివరికి నాయన తాగే మందే ముట్టుకోవడం. ‘పొగరు’ అని తీసేసే ముందు ఆ అబ్బాయి ఇంట్లో ఏం జరుగుతోందో ఒకసారి అడగాలి.

2015-16లో నిమ్హాన్స్ నిర్వహించిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో 13 నుంచి 17 ఏళ్ల పిల్లల్లో 7.3 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉన్నట్టు తేలింది. 60 మంది ఉన్న తరగతిలో నలుగురైదుగురు. వాళ్లందరికీ కారణం ఇంటి గొడవలే అనలేం. రెండు వారాలకు పైగా దిగులు వదలకుండా ఉన్నా, ఇష్టమైన పనుల మీద కూడా మనసు పోకపోయినా, తిండి నిద్ర పూర్తిగా మారిపోయినా, చేతికి గాట్లు పెట్టుకోవాలనిపించినా, బతికి ఏం లాభం అన్న ఆలోచన తిరిగి తిరిగి వస్తున్నా ‘పరీక్షలయ్యాక చూద్దాం’ అని ఆగొద్దు. ఆ రోజే ఎవరికో ఒకరికి చెప్పాలి.

ఆ ఒక్క మనిషి

హవాయి దీవుల్లో కవాయి అనే చిన్న దీవి ఉంది. అక్కడ 1955లో పుట్టిన 698 మంది పిల్లలను ఎమ్మీ వెర్నర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆమె బృందం దశాబ్దాల పాటు గమనిస్తూ వచ్చారు. దాదాపు మూడో వంతు పిల్లలు పేదరికం, ఇంట్లో కలహాలు, తల్లిదండ్రుల తాగుడు, మానసిక జబ్బులు వంటి కష్టాలు ఒకటికి నాలుగు ఉన్న ఇళ్లలో పుట్టినవారు. వీరిలో చాలామంది తడబడ్డారు. కానీ ప్రతి ముగ్గురిలో ఒకరు మాత్రం నిబ్బరంగా ఎదిగారు. వాళ్ల జీవితాల్లో కనిపించిన ముఖ్యమైన సంగతుల్లో ఒకటి: కష్టాల ఇంట్లో ఉన్నా తనను తనుగా అక్కున చేర్చుకున్న పెద్దమనిషి కనీసం ఒకరు ఉండటం. అది అవ్వ కావచ్చు, తాత కావచ్చు, టీచరు కావచ్చు, పక్కింటి మనిషి కావచ్చు.

కవాయి దీవికి, రాయలసీమ మెట్టకు ఏ పోలికా లేదు. అవ్వలు మాత్రం రెండుచోట్లా ఉన్నారు. మీ జీవితంలో ఆ ఒక్క మనిషి ఎవరు? చుట్టూ ఒకసారి చూడండి. మంచివాళ్లందరూ ఈ పనికి కుదరరు. మీ మేనత్తకు మీరంటే ప్రాణమే, కానీ చెప్పిన మాట సాయంత్రానికల్లా మీ నాయనకు చేరిపోతుందంటే ఆమె కాదు. చిన్నాయన మంచోడే, కానీ అమ్మ మీద ఆయనకు పాత కోపం ఉంటే ఆయనా కాదు. చెప్పింది కడుపులో దాచుకునేవాళ్లు, వెంటనే తీర్పు చెప్పనివాళ్లు, మీరు మాట్లాడుతుంటే మధ్యలో తన కథ ఎత్తుకోనివాళ్లు కావాలి. కాలేజీలో లెక్చరరో, పదో తరగతి నాటి తెలుగు టీచరో, స్నేహితురాలి తల్లో, ఆశా కార్యకర్తో అయినా పరవాలేదు.

మొదలుపెట్టడమే కష్టం. ఈ మాట వాడి చూడండి: ‘మేడమ్, ఇంట్లో పరిస్థితి బాగాలేదు. మీరు ఏమీ చేయనక్కర్లేదు. పది నిమిషాలు వింటే చాలు.’ ఏమీ చేయనక్కర్లేదు అన్న మాట వినేవారి భయం తీసేస్తుంది. మొదటిరోజే అంతా చెప్పాల్సిన పని లేదు. ఆ పది నిమిషాలకు ఆ మనిషి ఎలా స్పందించారో చూసి మిగతాది చెప్పండి. మొదట ఎంచుకున్నవారు సరిగా వినకపోతే ఇంకొకరిని చూసుకోండి. ‘చెప్పినా లాభం లేదు’ అని అక్కడే ఆగిపోవద్దు.

స్నేహితులు? తప్పకుండా కావాలి. అయితే మీ వయసు స్నేహితుడు ఈ బరువంతా ఒక్కడే మోయలేడు. ఎవరైనా స్నేహితురాలు ‘చచ్చిపోవాలనుంది, ఎవరికీ చెప్పనని ఒట్టెయ్’ అంటే ఆ ఒట్టు వేయొద్దు. వేసినా తప్పండి.

14416కు చేస్తే ఏమవుతుంది?

చుట్టూ ఎవరూ లేరనుకున్నవారికి ప్రభుత్వం ఒక నంబరు పెట్టింది. 2022 అక్టోబరు 10న, ప్రపంచ మానసిక ఆరోగ్య దినం నాడు మొదలైన టెలి మానస్: 14416. రాత్రీ పగలూ పనిచేస్తుంది, ఉచితం, తెలుగులో మాట్లాడొచ్చు. చాలామందికి నంబరు తెలుసు. చేస్తే ఏమవుతుందో తెలియకే చేయరు.

ముందు భాష ఎంచుకోమంటుంది. తర్వాత శిక్షణ పొందిన కౌన్సెలర్ ఫోన్లోకి వస్తారు. ఏం ఇబ్బందో, ఎన్నాళ్ల నుంచో, నిద్ర, తిండి ఎలా ఉన్నాయో అడుగుతారు. ఇప్పుడు మీకేమైనా ప్రమాదం ఉందా అనీ అడుగుతారు. ఈ ప్రశ్నకు నిజం చెప్పాలి. వాళ్లు జడ్జీలు కారు, మీ నాయనది తప్పా అమ్మది తప్పా తేల్చరు. మీ మనసు కుదుటపడేలా మాట్లాడి, ఏం చేయొచ్చో మీతోనే ఆలోచింపజేస్తారు. అవసరమనుకుంటే మానసిక వైద్య నిపుణులకు కలుపుతారు, లేదా దగ్గర్లోని ఆసుపత్రికి దారి చూపిస్తారు. ఒక్క ఫోన్‌తో ఇల్లు మారదు. మొదటిసారి మాట్లాడినవారితో మీకు కుదరకపోవచ్చు కూడా. మళ్లీ చేయండి.

చెప్పింది రహస్యంగా ఉంటుందా? మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం-2017 రోగి వివరాలను గోప్యంగా ఉంచాలని చెబుతోంది. అయితే ప్రాణాపాయం ఉందనిపించినా, 18 ఏళ్లలోపు పిల్లల మీద లైంగిక నేరం జరుగుతోందని తెలిసినా దాన్ని దాచరు. పోక్సో చట్టం ప్రకారం దాచకూడదు కూడా. ఈ సంగతి ముందే తెలిసి ఉండటం మంచిది.

ముఖాముఖి మాట్లాడాలనుకునే 10-19 ఏళ్ల వారి కోసం 2014 జనవరిలో మొదలైన రాష్ట్రీయ కిశోర స్వాస్థ్య కార్యక్రమం కింద ప్రభుత్వ ఆసుపత్రుల్లో కౌమార ఆరోగ్య క్లినిక్‌లు ఏర్పాటు చేశారు. పోషకాహారం, నెలసరితో పాటు మానసిక ఆరోగ్యం, ఇంట్లో హింస, మత్తు అలవాట్లు కూడా ఆ కార్యక్రమం పరిధిలోవే. మీకు దగ్గర్లో ఏ రోజు, ఎక్కడ నడుస్తోందో ఏఎన్‌ఎంను అడగండి. ‘తలనొప్పి వస్తోంది, చూపించుకోవాలి’ అని చెప్పి వెళ్లినా తప్పు లేదు, అది నిజమే కదా. ఇంకా పెద్ద వైద్యం కావాలంటే కర్నూలు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది.

చెయ్యెత్తితే లెక్క మారుతుంది

మాటల గొడవ ఒకటి, దెబ్బలు ఇంకొకటి. కొట్టడం ఉన్న ఇంట్లో పైన చెప్పిన రాయబారాల సంగతి పక్కన పెట్టండి, ముందు ఒళ్లు కాపాడుకోవాలి. తాగి ఉన్న మనిషితో వాదించొద్దు, మధ్యలోకి దూకొద్దు. తమ్ముణ్ని తీసుకుని బయటికి వెళ్లాలి. ఎవరి ఇంటికి వెళ్లాలో ముందే మాట్లాడి పెట్టుకోండి: ‘అక్కా, రాత్రిపూట ఎప్పుడైనా వస్తే తలుపు తీస్తావా?’ ఆధార్, మార్కుల మెమోలు, హాల్ టికెట్, బ్యాంకు పుస్తకం నకళ్లు ఒక సంచిలో పెట్టి స్నేహితురాలి ఇంట్లో ఉంచండి. కోపంలో పుస్తకాలు, సర్టిఫికెట్లు చించేసే ఇళ్లున్నాయి. ఆ క్షణంలో సాయానికి 112.

మీకు 18 ఏళ్లు నిండకపోతే 1098. మీ తరఫున ఇంకెవరైనా కూడా చేయొచ్చు. బాలల న్యాయ చట్టం-2015 ప్రకారం జిల్లా బాలల సంక్షేమ కమిటీ మీ భద్రత చూడాలి. ఫోన్ చేస్తే వెంటనే హోంకు పంపేస్తారని చాలామంది భయం. పిల్లలు కుటుంబంలోనే ఉండేలా చూడటం ఆ చట్టం ముందు లక్ష్యం, సంరక్షణ గృహం చివరి దారి. అమ్మకు దెబ్బలు తగులుతుంటే మహిళా హెల్ప్‌లైన్ 181. గృహహింస చట్టం-2005 భార్యలకే కాదు, ఆ ఇంట్లోని కూతుళ్లకూ రక్షణ ఇస్తుంది.

మన దగ్గర ఇలాంటివి ముందు పెద్దమనుషుల పంచాయితీకే పోతాయి. అప్పుల తగువు, పొలం గట్టు తగువు అక్కడ తెగొచ్చు. దెబ్బలు తినే ఇంటి విషయంలో మాత్రం పంచాయితీ చాలాసార్లు ‘సర్దుకుపోండి’ దగ్గరే ముగుస్తుంది. సర్దుకోవాల్సింది ఎవరో వేరే చెప్పాలా?

ఇంటి గొడవలకు విరుగుడుగా అమ్మాయికి పెళ్లి చేసేయడం ఇంకొకటి. ‘ఒక బాధ్యత తీరుతుంది’ అంటారు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే-5 ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 20-24 ఏళ్ల మహిళల్లో 29.3 శాతం మందికి 18 నిండకముందే పెళ్లయింది. మీకు 18 నిండకుండా సంబంధం కుదురుస్తుంటే 1098కు చెప్పొచ్చు. పెళ్లి జరిగిపోయినా, 18 నిండిన రెండేళ్లలోపు దాన్ని రద్దు చేయమని కోర్టును కోరే హక్కు బాల్యవివాహ నిషేధ చట్టం-2006 ఇచ్చింది.

నాన్న వదిలేసి వెళ్లిన ఇళ్లలో సమస్య గొడవ కాదు, ఫీజు, బియ్యం. వితంతువులు, విడాకులు పొందినవారు, కుటుంబం వదిలేసిన తల్లుల దగ్గర పెరిగే పిల్లలకు మిషన్ వాత్సల్య కింద నెలకు 4,000 రూపాయల సాయం ఉంది. ఆదాయ పరిమితి పల్లెల్లో ఏడాదికి 72,000, పట్టణాల్లో 96,000. జిల్లా బాలల పరిరక్షణ విభాగంలో దరఖాస్తు చేయాలి. వాళ్ల చిరునామా అంగన్‌వాడీ టీచరుకు తెలుస్తుంది.

వెళ్లిపోతే వదిలేసినట్టేనా?

ఈ ప్రశ్న డిగ్రీకి వచ్చిన పిల్లలది. కర్నూల్లోనో, నంద్యాలలోనో సీటు వస్తుంది, హాస్టల్ దొరుకుతుంది. సంతోషపడాల్సింది పోయి కడుపులో గుబులు. ‘నేను పోతే అమ్మను ఎవరు చూస్తారు? తమ్ముడు ఒక్కడే అయిపోడా?’ కొందరు సీటు వదిలేసుకుంటారు కూడా. ఇంట్లో తుపాకీ కాపలా ఉన్నవాడు సెలవు పెట్టినట్టుగా ఉంటుంది మరి.

నిజం ఏమిటంటే, మీరు ఇంట్లో ఉన్న ఇన్నేళ్లూ గొడవ ఆగలేదు. మీరు లేకపోయినంత మాత్రాన అది కొత్తగా మొదలవ్వదు. ఇంట్లో ఎవరి ప్రాణానికైనా ముప్పు ఉంటే దానికి పైన చెప్పిన నంబర్లు, పక్కింటి అక్క కావాలి. ఆ బాధ్యతను మీ చదువు మానిపించి తీర్చలేరు. వెళ్లండి. వెళ్లేముందు తమ్ముడికి రెండు పనులు చేసి వెళ్లండి. మీ ‘ఒక్క మనిషి’ని వాడికి పరిచయం చేయండి. రోజూ ఒకే వేళకు ఫోన్ చేస్తానని చెప్పి, చెప్పినట్టే చేయండి. ఆ ఫోన్‌లో ‘ఇంట్లో గొడవైందా?’ అన్నది మొదటి ప్రశ్న కాకుండా చూసుకోండి. వాడి క్రికెట్ గురించి అడగండి. లేదంటే మీరు వదిలి వచ్చిన కాపలా ఉద్యోగం వాడికి అప్పగించినట్టవుతుంది.

హాస్టల్లో మొదటి వారాల్లో ఓ వింత జరుగుతుంది. చుట్టూ నిశ్శబ్దంగా ఉన్నా నిద్ర పట్టదు. వార్డెన్ తలుపు కొడితే గుండె అదురుతుంది. ఏళ్ల అలవాటు ఒళ్లు ఒక్కసారిగా వదలదు. పడుకునే వేళ, లేచే వేళ ఒకటే ఉంచుకోవడం, సాయంత్రం అరగంట నడక, ఊపిరి నెమ్మదిగా తీసుకుని అంతకన్నా నెమ్మదిగా వదలడం క్రమంగా పనిచేస్తాయి. నెల దాటినా అలాగే ఉంటే 14416.

పెద్దవాళ్లతో రెండు మాటలు

టీచర్లు, మేనమామలు, పక్కింటివాళ్లు కూడా ఇది చదువుతుంటారు. ఎవరైనా పిల్లలు మీ దగ్గరికి వచ్చి ఇంటి సంగతి చెబితే, ‘ఎంతైనా కన్నవాళ్లు’ అన్న మాటతో మొదలుపెట్టకండి. ఆ మాట వాళ్లకు తెలుసు, అందుకే ఇన్నాళ్లూ చెప్పలేదు. వినండి. ‘చెప్పి మంచి పని చేశావు’ అనండి. ఎవరికి చెప్పాలన్నా ముందు ఆ పిల్లను అడిగి చెప్పండి. చనిపోవాలన్న మాట నోట వస్తే బెదిరింపుగా తీసుకోవద్దు. నేరుగా అడగండి, అడగడం వల్ల ఆ ఆలోచన కొత్తగా పుట్టదు. ఒంటరిగా వదలకండి. చేను ఉన్న ఇళ్లలో పురుగుమందులు ఇంట్లో అటకమీద కాకుండా, తాళం వేసిన పెట్టెలో, తాళంచెవి వేరేవారి దగ్గర ఉండాలి. చేసుకోబోయిన పిల్లల మీద కేసు పెడతారేమోనన్న భయంతో ఆసుపత్రికి తీసుకెళ్లడం ఆలస్యం చేసేవాళ్లున్నారు. 2017 చట్టం 115వ సెక్షన్ అలా ప్రయత్నించినవారు తీవ్ర ఒత్తిడిలో ఉన్నారనే భావించాలని, శిక్షించకూడదని చెబుతోంది.

ఫోన్ నాయనదైతే?

ఇంట్లో ఒకే ఫోన్ ఉండి, అది నాయన జేబులో ఉంటే ఇవన్నీ ఎలా అని మీరు అడగొచ్చు. సరైన ప్రశ్నే. కాలేజీ నుంచి లెక్చరరు ఫోన్‌తోనో, స్నేహితురాలి ఫోన్‌తోనో చేయొచ్చు. ఇంటి ఫోన్‌తోనే చేయాల్సి వస్తే మాట్లాడాక కాల్ లిస్టులోంచి ఆ నంబరు తీసేయండి. మొదట్లోనే ‘ఈ నంబరుకు తిరిగి ఫోన్ చేయకండి, నేనే చేస్తాను’ అని కౌన్సెలర్‌కు చెప్పండి. అందరూ పనికి పోయిన వేళో, మిద్దె మీద బట్టలు తీసే వేళో మంచిది. మాట్లాడుతుండగా ఎవరైనా వస్తే ‘సరే, రేపు నోట్స్ తెస్తాలే’ అని పెట్టేయండి. అవతలివారికి అర్థమవుతుంది.